పసిపాపల పగలు, రాత్రి

మా పాఠశాల సమావేశములకు వచ్చు తల్లులలో పలువురి చంకలలో పసిపాపలుందురు. “రాత్రంతా నిద్ర లేదు మాస్టారూ, పళ్లొస్తున్నాయి కదా!” అను మాట మేము తరచుగా వినుచుందుము. మేము వైద్యులము కాము. అయినను నేటి పసిపాపలే రేపటి మా విద్యార్థులు గనుక, శాస్త్రజ్ఞులు కనుగొన్న కొన్ని విషయములను తల్లిదండ్రులకు విన్నవించుచున్నాము.

అప్పుడే పుట్టిన శిశువునకు రాత్రింబవళ్ల భేదము తెలియదు. రెండు మూడు నెలలు గడచిన పిమ్మట అది క్రమముగా కుదురుకొనును. ఈ పాఠమునకు గురువు వెలుతురే. కంట వెలుతురు పడినపుడు మెదడు పగలని గ్రహించును. చీకటి పడగానే పీనియల్ అను గ్రంథి మెలటోనిన్ అను రసమును విడిచి నిద్రకు దారి చూపును. శరీరములోని ఈ గడియారము నడచు విధమును చిన్న ఈగలయందు పరిశోధించి కనుగొన్నందులకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి లభించినది.

తల్లిపాలయందును ఈ భేదము కలదు. రాత్రి పాలలో మెలటోనిన్ ఉండును. పగటి పాలలో అది మిక్కిలి స్వల్పము. పాలను వృద్ధిచేయు ప్రొలాక్టిన్ కూడ రాత్రివేళనే అధికము. కావున ఆకలిగొన్న శిశువునకు రాత్రి పాలు మాన్పరాదు, మాన్పవలసినది దీపమును.

1905 ఆగస్టు 5వ తేదీన మన బెంగుళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినవి. అంతకు పూర్వము మన ముత్తవ్వలు చిన్న నూనెదీపపు వెలుగున బిడ్డలకు పాలిచ్చెడివారు. నేడో, వీథిదీపము కిటికీనుండియు, సెల్‌ఫోను తల్లి చేతినుండియు బిడ్డ కంటిపై వెలుగుచున్నవి. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి దీపము వేసి బిడ్డను ముద్దాడుట సహజమే. కాని ఆ వెలుతురు బిడ్డకు తెల్లవారినట్లు తోపించును. కిటికీకి తెర వేసి, మసక దీపముతో, మాట తగ్గించి పాలిచ్చిన చాలును. తెల్లవారగానే కిటికీలు బారుగా తెరువవలయును.

ఇక పండ్ల విషయము. పాలపండ్లు 20. సాధారణముగా ఆరవ నెల ప్రాంతమున క్రింది ముందరి పండ్లు మొలచును. మూడేండ్లకు అన్నియు పూర్తియగును. పంటిపైనుండు గట్టి పొర దినదినము కొంచెముగా ఏర్పడును. ఒక్కొక్క దినపు పెరుగుదల సూక్ష్మదర్శినిలో సన్నని గీతగా కనబడును. పన్ను కూడ రాత్రింబవళ్ల లెక్క వ్రాసికొనుచున్నదన్నమాట! ‘డి’ విటమిను లోపించిన బిడ్డకు పండ్లు ఆలస్యముగా మొలచుట కలదు. అందులకే వైద్యులు మొదటి యేట దినమునకు 400 యూనిట్ల చుక్కలు వ్రాసి యిత్తురు.

చిగుళ్లు సలుపుటచే బిడ్డ చొల్లు కార్చును, చిరాకుపడును. కాని 100.4 డిగ్రీలకు చేరిన జ్వరము, విరేచనములు పండ్ల వలన వచ్చునవి కావు. మేమెరిగిన యొక తల్లి “పళ్ల జ్వరమే” యని మూడు దినములు ఊరకుండెను. వైద్యుడు చూడగా బిడ్డకు చెవిలో చీము పట్టియుండెను. అట్టి ఆలస్యము ఎవరికిని వలదు.

పన్ను మొలచిన పిదప పాలసీసా నోటనుంచి నిద్రపుచ్చరాదు. నిద్రలో లాలాజలము తగ్గుటచే ముందరి పండ్లు పుచ్చును. తడిగుడ్డతో పండ్లు తుడువవలయును. ఏడాది నిండని బిడ్డ చిగుళ్లకు తేనె రాయరాదు. అది ప్రాణాపాయకరమైన జబ్బు తేగలదు.

చీకటిలో బిడ్డకు దీపము లేకున్నను తల్లి గొంతు చాలును. ఆ వేళ మెల్లగా పాడిన తెలుగు జోలపాటయే బిడ్డ మొదటి వాచకము. మా బడిలో చెప్పు పాఠములన్నియు దాని తరువాతివే.