పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునే పని

డిగ్రీయో బీటెక్కో పూర్తిచేసి ఉద్యోగానికి వచ్చే పిల్లల రెజ్యూమెల్లో చివరి పేజీ అడుగున తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: 'వృద్ధాశ్రమంలో సేవా కార్యక్రమంలో పాల్గొన్నాను.' ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేను ఆ వాక్యం దగ్గర ఆగి, అక్కడ ఏం చేశారని అడుగుతాను. ఎక్కువమంది చెప్పేది ఒకటే. పండ్లు, రొట్టెలు పంచారు, పాటలు పాడారు, ఫోటో దిగి వచ్చేశారు. ఆ తర్వాత ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. ఎప్పుడో ఒకసారి మాత్రం ఎవరో, "మా హాస్టల్ పక్కనే ఆశ్రమం ఉండేదండీ, ఆదివారాలు వెళ్లి వాళ్ల పెన్షన్ కాగితాలు చూసిపెట్టేదాన్ని" అంటారు. ఇక ఆ అమ్మాయిని ఎన్ని ప్రశ్నలడిగినా ఇంకా అడగాలనే ఉంటుంది.

వృద్ధుల సేవ అనగానే జాలి, దయ, పుణ్యం అనే మాటలు ముందుకొస్తాయి. అవి ఉండాల్సినవే. కానీ చదువుకునే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇంకొకటి. మనిషితో పనిచేయడం ఎలాగో నేర్పే చోటు పెద్దవాళ్ల దగ్గర కంటే మంచిది నాకు కనిపించలేదు. తరగతిలో అందరూ మీ వయసువాళ్లే, మీ మాటే మాట్లాడతారు, మీ ఫోన్లే వాడతారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజునుంచీ మీకంటే నలభై యాభై ఏళ్లు పెద్దవాళ్లు బ్యాంకు కౌంటరు ముందో, ఆసుపత్రి ఓపీ దగ్గరో, కస్టమర్ కేర్ ఫోన్లోనో మీ ఎదుట ఉంటారు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లతో మాట్లాడటం రాకుండా ఏ ఉద్యోగమూ సాగదు.

ముందు వినడం, మాట్లాడటం. చెవుడు వచ్చిన పెద్దాయన దగ్గర కొత్తగా వెళ్లిన ప్రతి కుర్రాడూ గొంతు పెంచుతాడు. దానివల్ల లాభం లేదు. వయసుతో వచ్చే చెవుడులో మొదట పోయేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. స, శ, ష లాంటి అక్షరాలు జారిపోతాయి. మీరు మాట్లాడుతున్నారని ఆయనకు తెలుస్తూనే ఉంటుంది, మాట మాత్రం విడిపడదు. అరిస్తే అది ఇంకా ముద్దవుతుంది, పైగా కోప్పడుతున్నారని అనుకుంటారు. ఎదురుగా కూర్చోవాలి. మీ మొహం మీద వెలుతురు పడాలి, ఎందుకంటే ఆయన సగం మాట మీ పెదవుల మీదే చదువుకుంటారు. ఫ్యానూ టీవీ ఆపాలి. గొంతు కాస్త దించి, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాలి. అర్థం కాకపోతే అదే వాక్యాన్ని మళ్లీ గట్టిగా అనడం కాదు, మాట మార్చి చెప్పాలి. "డిశ్చార్జి సమ్మరీ తెచ్చారా" అంటే తెల్లమొహం వేసినాయన "ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం ఉందా, తాతగారూ" అంటే వెంటనే సంచీలోంచి తీసి ఇస్తారు. చెప్పింది ఎదుటివాళ్లకు అందలేదంటే చెప్పే పద్ధతి మార్చుకోవాలన్న సంగతి ఇలా ఒంటబట్టినవాళ్లు, ఆఫీసులో క్లయింటుతో మాట్లాడేటప్పుడు కూడా తడబడరు.

ప్రశ్న అడగడం ఇంకో విద్య. ఎనభై ఏళ్ల అమ్మమ్మను "మీకు మోకాళ్ల నొప్పి ఎప్పటినుంచి" అని అడిగితే "ఎప్పటినుంచో" అంటుంది. ఆమె కాలాన్ని తేదీలతో గుర్తుపెట్టుకోదు, సంఘటనలతో గుర్తుపెట్టుకుంటుంది. కృష్ణా జిల్లా పల్లెల్లో ఉప్పెన అంటే 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనే. "ఉప్పెననాటికి మీకు పెళ్లయిందా, పిల్లలున్నారా" అని అడిగితే వయసు ఇంచుమించుగా తేలిపోతుంది. తెలంగాణలో ఇంకా పెద్దవాళ్లయితే 1948 పోలీసు చర్యప్పుడు తాము ఎంత పిల్లలో చెబుతారు. మోకాళ్ల నొప్పికైతే "చిన్నమ్మాయి పెళ్లిలో కింద కూర్చుని భోంచేశారా" అని అడగండి. దరఖాస్తులో రాసే పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నదే, దాంతో మీ లెక్క కలపకూడదు. కానీ నర్సులకూ, సర్వేలకు వెళ్లేవాళ్లకూ, బీమా ఏజెంట్లకూ ఈ అడిగే తీరు రోజూ అవసరపడుతుంది.

ఇక ఫోను. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే విద్యార్థి చేయగల మేలు ఎక్కువ ఇక్కడే, నేర్చుకునేదీ ఎక్కువ ఇక్కడే.

నవంబరు నెల వస్తే కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లందరూ తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎనభై దాటినవాళ్లు అక్టోబరు ఒకటి నుంచే ఇవ్వొచ్చు. ప్రావిడెంట్ ఫండ్ పెన్షన్ తీసుకునేవాళ్లకు నవంబరు నిబంధన లేదు, ఒకసారి ఇస్తే అక్కడినుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్ల గడువులు వేరు, ట్రెజరీలో కనుక్కోవాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చాక బ్యాంకుకు వెళ్లకుండానే, వేలిముద్ర వేసి ఈ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. పొలంపనులూ ఇంటిపనులూ చేసి అరిగిపోయిన వేళ్ల ముద్రలు మిషను మీద పడకపోవడం చాలాచోట్ల పెద్ద కష్టం. 2021 నుంచి మొహం చూపించి కూడా చేసుకునే వీలు వచ్చింది. దానికి మామూలు ఆండ్రాయిడ్ ఫోను చాలు. జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ఉండాలి. ఆధార్ నంబరు, పెన్షన్ పేమెంట్ ఆర్డరు నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఓటీపీ వచ్చే ఫోను దగ్గర పెట్టుకోవాలి.

భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతున్న ఒక పెద్దావిడ దగ్గర సెకండియర్ కుర్రాడు ఈ పని చేస్తుండగా దగ్గరుండి చూశాను. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడితే మొహం నల్లగా పడి, యాప్ ఒప్పుకోలేదు. కుర్చీ తిప్పించాడు. కళ్లద్దాలు తీయమన్నాడు. రెప్ప ఆర్పమని తెర మీద వస్తుంటే, "అమ్మమ్మా, ఒక్కసారి కళ్లు మూసి తెరవండి" అన్నాడు. ఆమె గట్టిగా కళ్లు మూసుకుని, మళ్లీ తెరవమని అతను చెప్పేదాకా తెరవలేదు. అతను నవ్వలేదు, విసుక్కోలేదు. "నేను ఆర్పినట్టు చూడండి" అని తాను రెప్ప ఆర్పి చూపించాడు. ఈసారి పడింది. ప్రమాణ్ ఐడీ మెసేజీ రాగానే ఆమెచేతే పుస్తకంలో రాయించాడు. "వచ్చే ఏడు నువ్వు ఉంటావో లేదో, నాయనా, నన్నే నొక్కనియ్యి" అని ఆమె అడిగింది కూడా.

ఆమె అడిగిన దాంట్లోనే నేర్పడమంటే ఏమిటో ఉంది. ఫోను వాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు లాక్కుని టకటకా నొక్కేస్తే ఆ పూట పని అయిపోతుంది, రేపు మళ్లీ ఇంకొకరి కోసం చూడాలి. పెద్దవాళ్ల వేలు తెర మీద కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. అప్పుడు యాప్ తెరుచుకోదు, బొమ్మ అక్కణ్నుంచి కదిలిపోయి వేరే చోట పడుతుంది. ఫోను చెడిపోయిందని భయపడతారు. "వేలు తాకించి వెంటనే తీసెయ్యండి" అని చెప్పి, పదిసార్లు చేయించాలి. అక్షరాల సైజు పెంచాలి, అక్కర్లేని యాప్‌లు ముందు తెర మీదనుంచి తీసెయ్యాలి. ఒక రోజుకు ఒక్క పనే నేర్పాలి. గుంటూరులోనో వరంగల్లులోనో ఒంటరిగా ఉండే తల్లికి అమెరికాలో ఉన్న కొడుకుతో వాట్సాప్‌లో వీడియో మాట్లాడటం వస్తే, అంతకంటే ఆమెకు కావలసింది ఆ నెలకు వేరే ఉండదు. మనకు పొద్దుపోయాక అక్కడ తెల్లారుతుందని గోడ మీద రెండు గడియారాల బొమ్మ గీసిపెట్టినా చాలు.

యాప్‌లు తయారుచేసే ఉద్యోగాలకు వెళ్లాలనుకునే పిల్లలకైతే ఇది ప్రత్యేకంగా చెబుతాను. ఓటీపీ చూసి, అద్దాలు పెట్టుకుని, అంకెలు పలుక్కుంటూ కొట్టేలోపు గడువు అయిపోయి మళ్లీ మొదటికొచ్చిన పెద్దమనిషి మొహం ఒకసారి చూసినవాళ్లు, ముప్పై సెకన్ల గడువు పెట్టేముందు ఆలోచిస్తారు.

హద్దులు తెలుసుకోవడం కూడా పనిలో భాగమే. మందుల విషయంలో మీరు చేయాల్సింది రాసిపెట్టడం వరకే. పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దున్నా రాత్రా, తిండికి ముందా తర్వాతా అని పెద్ద అక్షరాలతో పట్టిక రాయండి. షాపువాడు కంపెనీ మార్చి ఇస్తే రేకు రంగు మారుతుంది. అది వేరే మందనుకుని పాతదీ కొత్తదీ రెండూ వేసుకునేవాళ్లున్నారు. అలాంటిది కనబడితే నర్సుకో డాక్టరుకో చూపించాలి. మీ అంతట మీరు మాత్ర ఆపమని కానీ వేసుకోమని కానీ అనకూడదు. డబ్బు ముట్టుకోకూడదు. ఏటీఎం కార్డు ఇచ్చి "తెచ్చిపెట్టు బాబూ" అన్నా ఒప్పుకోకండి, వార్డెనుకో ఇంట్లోవాళ్లకో చెప్పండి. పిన్ను, పాస్‌వర్డ్ మీకు తెలియకపోవడం మీకే మంచిది. పోలీసులమని వీడియోకాల్ చేసి అరెస్టు చేస్తామని బెదిరించే మోసాల గురించి మాత్రం తప్పకుండా చెప్పండి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి.

పిల్లలు చూడటం లేదనో, ఇల్లు రాయించుకుని బయటికి పంపారనో ఎవరైనా మీ దగ్గర ఏడిస్తే, కొడుకును తిట్టడం మీ పని కాదు. మీకు తెలిసింది కథలో ఒక పక్కే. విని, వాళ్లకు కావాలంటే 14567 నంబరు ఇవ్వండి. అది పెద్దవాళ్ల కోసం నడిచే ఎల్డర్‌లైన్, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం వాళ్లు ట్రైబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. చూసుకుంటారనే షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వెనక్కి తీసుకునే దారి కూడా ఆ చట్టంలో ఉంది. సమస్య ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసి అక్కడికి చేర్చేవాళ్లు ఏ ఆఫీసులోనైనా అరుదే.

కష్టమైన రోజులు వస్తాయి. అదే కథ నాలుగోసారి చెబుతారు. నిన్న ఆప్యాయంగా పిలిచినామె ఇవాళ "నువ్వెవరు" అంటుంది. మీరు వెళ్లేసరికి ఒక మంచం ఖాళీగా ఉంటుంది. ఇరవై ఏళ్ల వయసులో దాన్ని మోయడం తేలిక కాదు. ఒంటరిగా మోయొద్దు. ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్లండి, తిరిగొచ్చేటప్పుడు మాట్లాడుకోండి, కాలేజీలో మీ ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు ఉంటే ఆయనకో ఆమెకో చెప్పండి. ఒక వారం వెళ్లలేకపోతే ముందుగా ఫోన్ చేసి చెప్పడం మాత్రం మానొద్దు. వాళ్లు పొద్దున్నుంచే తలదువ్వుకుని కూర్చుంటారు. మాట ఇచ్చిన వేళకు వెళ్లడమన్నది జీతం కోత భయంతో నేర్చుకునేదానికంటే ఇక్కడ లోతుగా అలవడుతుంది.

మొదలుపెట్టడం ఎలాగంటే, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ఉంటే అదే దగ్గరి దారి. గాంధీ శతజయంతి సంవత్సరం 1969లో మొదలైన ఈ పథకంలో ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఆ గంటల్ని పది చోట్లకు పంచకుండా వీలైనన్ని ఒకే చోట, అవే మనుషుల దగ్గర గడపమని నా సలహా. ఎన్‌ఎస్‌ఎస్ లేకపోతే మీ వీధిలోనే ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఉంటారు. వారానికి రెండు గంటలు చాలు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకూ ఇదే మాట. వీకాఫ్ రోజున ఒక గంట ఇవ్వగలిగితే, కౌంటరుకు అటువైపు కూర్చున్నవాళ్లకు మీరెలా కనబడుతున్నారో తెలుస్తుంది.

రెజ్యూమెలో 'సేవ' అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఎంతకాలం వెళ్లారు, ఏ పని చేశారు, ఏది కుదరలేదు, దాన్ని ఎలా మార్చారు అన్నవి రెండు వరుసల్లో రాయండి. 'ఆరు నెలలపాటు వారం వారం. పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్, వీడియోకాల్ నేర్పడం. మందుల పట్టికలు' అని ఉంటే మేం అడగడానికి ప్రశ్నలుంటాయి. ఇంటర్వ్యూలో వాళ్ల పేర్లు, జబ్బులు, ఇంటి గొడవలు బయటపెట్టకండి. వాళ్ల ఫోటోలు లింక్డిన్‌లో పెట్టకండి. ఎదుటివాళ్ల రహస్యం కాపాడగలరని ఆ జాగ్రత్తలోనే మాకు తెలుస్తుంది.

చివరి సెమిస్టరు వచ్చేసరికి ఇంకో పని మిగులుతుంది. మీరు వెళ్లిపోతున్నట్టు నెల ముందే చెప్పండి, కనీసం రెండు వారాలు జూనియర్‌ను వెంటబెట్టుకెళ్లి పరిచయం చేయండి. ఒక నోటుబుక్కు అప్పగించండి. ఎవరికి ఏ చెవి వినబడుతుంది, ఎవరిని ఏమని పిలిస్తే ఇష్టం, ఎవరి ముందు ఏ మాట ఎత్తకూడదు, ఎవరికి ఫోనులో ఎంతవరకు వచ్చింది, ఎవరి లైఫ్ సర్టిఫికెట్ ఏ నెలలో ఇవ్వాలి అన్నవి అందులో ఉండాలి. వాళ్ల అనుమతి అడిగి, అవసరమైనంతే రాయాలి. ఆధార్, ఖాతా నంబర్లు అందులో రాయకూడదు. ఆ పుస్తకం వార్డెను దగ్గరే ఉండాలి.