వికటకవి పాలిండ్రోమ్ కాదట!

ఫస్టియర్ పైథాన్ ల్యాబ్‌లో పాలిండ్రోమ్ ప్రోగ్రామ్ రాయనివాళ్లు మనలో ఉండరు. పదాన్ని తిరగెయ్యాలి, రెండూ ఒకటేనా చూడాలి, అంతే. ఇంగ్లీషు స్పెల్లింగుతో "మేడమ్" ఇస్తే ట్రూ అంటుంది. రికార్డులో ఎక్కించేస్తాం, సంతకం పడిపోతుంది. ఇప్పుడు అదే ప్రోగ్రామ్‌కి తెలుగు లిపిలో "వికటకవి" అని ఇచ్చి చూడండి. ఫాల్స్ అంటుంది! తెనాలి రామకృష్ణుడి కథ విన్న ప్రతి పిల్లాడికీ ఇది ఎటునుంచి చదివినా ఒకటే అని తెలుసు. కంప్యూటర్‌కి మాత్రం కాదట.

కారణం ఏంటంటే, మనం "వి"ని ఒక అక్షరం అనుకుంటాం. యూనికోడ్ దాన్ని రెండుగా దాచుకుంటుంది: వ, దాని తర్వాత గుడి. అందుకే ఐదక్షరాల వికటకవి పొడవు అడిగితే పైథాన్ 7 అంటుంది. తిరగేసినప్పుడు ఆ ఏడింటినీ విడివిడిగా తిప్పుతుంది కాబట్టి చివరి గుడి ముందుకొచ్చి ఏ అక్షరమూ ఆసరా లేకుండా వేలాడుతుంది. మొదటి "వి" గుడి పోయి క మీద కూర్చుంటుంది. స్క్రీన్ మీద "వకటకివ" లాంటిదేదో కనిపిస్తుంది. "స్త్రీ" ఇంకా తమాషా. మనకి ఒక్క అక్షరం, పైథాన్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, క్లాసులో "ఆన్‌లైన్ యాక్టివిటీ" అనగానే మనకి వచ్చేది క్విజ్ లింకు. చివరి ఐదు నిమిషాల్లో లింకు వస్తుంది, ఆరో నిమిషానికి జవాబులు వాట్సాప్‌లో ఉంటాయి. దాంట్లో ఇంటర్నెట్ ఉందేమో గానీ నేర్చుకోవడం లేదు. జవాబు ముందే ఎవరి దగ్గరో ఉన్న ప్రశ్నకి నెట్ అక్కర్లేదు, చాక్‌పీస్ చాలు.

వికటకవితో మా క్లబ్‌లో చేసింది వేరు. బ్రౌజర్‌లోనే నడిచే ఒక నోట్‌బుక్‌ని అందరికీ షేర్ చేశాం. గుణింతం గుర్తు వస్తే ముందు అక్షరానికి అతికించు, పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్నీ కలిపెయ్యి, అప్పుడు తిరగెయ్యి: ఇదీ రూలు. వికటకవి ట్రూ అయింది, చప్పట్లు. తర్వాత ఒక్కొక్కరూ రూలుని పడగొట్టే పదం ఒకటి తేవాలి. ఎవరో "సాఫ్ట్‌వేర్" తెచ్చారు. అందులో ట్ తర్వాత వే విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనపడని క్యారెక్టర్ ఒకటి ఉండాలి. అది లేకపోతే "ట్వే" అయిపోతుంది. స్ట్రింగ్స్ చాప్టర్‌లో లేని సంగతి ఆ గంటలో తెలిసింది, అదీ సిలబస్‌లో ఉన్న ప్రోగ్రామ్ వల్లే.

రెండోది వికీసోర్స్, నాకు ఎక్కువ నచ్చింది ఇదే. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు అక్కడుంటాయి. ఓసీఆర్ చదివిన పాఠం ఒక పక్క, అసలు పేజీ బొమ్మ ఇంకో పక్క. మన పని రెండూ పోల్చి దిద్దడం. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ పదో తరగతి తర్వాత మార్కుల కోసం సంస్కృతం తీసుకుని తెలుగుకి బై చెప్పేసిన మనలాంటివాళ్లకి అక్షరం అక్షరం చదివించే పని ఇంకోటి లేదు. ప, ష, వ ఒకదానికొకటి మారిపోతాయి. ఋ వచ్చి "బు" అవుతుంది. అన్నిటికంటే దొంగ సున్న. తెలుగు అంకె సున్నా, అనుస్వారం చూపుకి ఒకటే, కోడ్ వేరు. ఒకదాని బదులు ఇంకోటి పడితే పేజీ బాగానే కనిపిస్తుంది, వెతికితే మాత్రం పదం దొరకదు.

ఇంకా పాత అచ్చులో వలపలగిలక ఉంటుంది. "ధర్మము"లో ర్ శబ్దాన్ని మ తర్వాత తెలుగు తొమ్మిది అంకెలాంటి గుర్తుగా పెట్టి "ధమ౯ము" అని వేసేవారు. పలికేటప్పుడు ర్ ముందు, చూసేటప్పుడు వెనక. ఓసీఆర్ పాపం తొమ్మిదే అనుకుంటుంది. న్ కోసం వాడిన నకారపు పొల్లుకైతే యూనికోడ్‌లో సొంత చోటు దొరికిందే 2021లో, 14వ వెర్షన్‌లో! ఇవి లింగ్విస్టిక్స్ క్లాసులో చెప్తే నిద్రొస్తుంది, దిద్దుతుంటే ఎదురుపడతాయి.

క్లాసుకి పనికొచ్చే అసలు సంగతి రంగుల్లో ఉంది. దిద్దని పేజీ ఎర్రగా ఉంటుంది, ఒకరు దిద్దితే పసుపు. ఆకుపచ్చ అవ్వాలంటే రెండో మనిషి మళ్లీ చూసి ఒప్పుకోవాలి. దిద్దినవాళ్లే పచ్చ కొట్టుకోవడం కుదరదు. అంటే ఇద్దరు స్టూడెంట్లు ఒక పేజీ మీద నిజంగానే వాదించుకోవాలి: ఇది థ నా, ధ నా, అచ్చుతప్పా, అప్పటి స్పెల్లింగా? (పుస్తకంలో ఎలా ఉంటే అలాగే ఉంచాలి, మన కాలానికి మార్చకూడదు.) ఎవరు ఏం మార్చారో, ఎన్నింటికి మార్చారో చరిత్ర ట్యాబులో ఉంటుంది కాబట్టి మేడమ్ మార్కులు వెయ్యాలన్నా వాట్సాప్ కాపీ అని అనుమానపడక్కర్లేదు. లాగిన్ తప్పనిసరి, అది లేకుండా రంగు మారదు. ఫోన్‌లో కంటే ల్యాప్‌టాప్ నయం, రెండు పక్కలూ ఒకేసారి కనిపించాలి కదా.

ఈ సెమిస్టర్‌లో మన క్లబ్ ఒక్క పుస్తకం తీసుకుని, పేజీకి ఇద్దరి చొప్పున చెయ్యాలని నా ప్రపోజల్. శ్రీశ్రీ కావాలని అప్పుడే గ్రూపులో మెసేజ్‌లు మొదలయ్యాయి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లదాకా కాపీరైట్ ఉంటుంది. శ్రీశ్రీ పోయింది 1983లో, అంటే 2043 ఆఖరిదాకా ఆగాలి, అప్పటికి మనకి నలభై దగ్గర పడతాయి. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో పోయారు. వాళ్లిద్దరిలో ఒకర్ని ఎంచుకుందాం.