ఎండకోర్చు ఫెర్నులు

ఫెర్నులనగానే నీడయు, ఊటనీరును, నాచుపట్టిన బావిగట్టును మనకు జ్ఞప్తికి వచ్చును. అయినను ఎండకు మాడెడి రాతిసందులలోను, పాతగోడలమీదను పెరుగు ఫెర్నులు మన సీమయందు కలవు. వానిలో మయూరశిఖ యొకటి. సాధారణముగా జానెడు ఎత్తునకు మించని యీ మొక్క ఆకు చిన్న తాటాకువలె, పురివిప్పిన నెమలితోకవలె నుండును. వేసవిలో ముడుచుకొని వన్నెతగ్గును. ఒకప్పుడు మేము దీనిని ఎండిపోయిన గడ్డియని తలచి పాఠశాల గోడనుండి పెరికించితిమి. చేతికందక మిగిలిన కొన్ని మొక్కలు తొలకరివానకు మరల పచ్చబడుట చూచి సిగ్గుపడితిమి.

ఇట్టి ఫెర్నుల లక్షణములను గమనింపుడు. పెక్కింటి ఆకులు చిన్నవియు దళసరివియు. కొన్నిటి అడుగున పొలుసులో, నూగో యుండి నీరు ఆవిరియగుటను తగ్గించును. వెండి ఫెర్ను ఆకు అడుగున తెల్లని పొడి చల్లినట్లుండును. నీరు తగ్గినప్పుడు ఆకు ముడుచుకొనగా ఆ తెల్లని వైపే వెలికి వచ్చును. నీరు చాలవరకు పోయినను కొన్ని జాతుల కణములు చెడక, తడి తగులగానే తేరుకొనును.

సంతానవృద్ధియందు మరియొక చిక్కు కలదు. సిద్ధబీజము మొలచి చిన్న పచ్చని రేకగును. దానియందలి పురుషకణములు నీటిలో ఈదిగాని స్త్రీకణమును చేరజాలవు. నీరు కరవగుచోట పలు జాతులు ఫలదీకరణము లేకయే ఆ రేకునుండి క్రొత్త మొక్కను పుట్టించును.

ఇక వర్గీకరణము. 1806లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడు ఓలోఫ్ స్వార్ట్సు కైలాంథీసు అను ప్రజాతిని స్థాపించెను. గ్రీకుభాషలో దీనికి పెదవిపువ్వని యర్థము. ఆకు అంచు పెదవివలె మడిగి సిద్ధబీజాశయములను కప్పును. తరువాతివారు ఎండనేల ఫెర్నులను పెక్కింటిని ఇందే చేర్చిరి. డి.ఎన్.ఏ. పరిశీలనలు జరిగిన పిదప, వానిలో అనేకములు దగ్గరి చుట్టములు కావనియు, ఒకే కష్టమున బ్రదుకుటచే ఒకే రూపు దాల్చినవనియు తేలెను. 2016లో ప్రకటింపబడిన వర్గీకరణమున ఇవి టెరిడేసీ కుటుంబమునందలి కైలాంథాయిడీ ఉపకుటుంబమున నున్నవి. మయూరశిఖ మాత్రము అదే కుటుంబమున టెరిడాయిడీ అను వేరొక ఉపకుటుంబమునకు చెందినది. దాని సమీపబంధువగు ఒనీకియము జాతులు హిమాలయముల తేమగల సానువులలో పెరుగును.

కావున విద్యార్థులారా, ఎండినదెల్ల చచ్చినదనకుడు. ఒకే వేషముగలవారెల్లరు ఒకే యింటివారనకుడు. ఈ వేసవిలో గోడమీది మొక్క నొకదానిని గుర్తుంచుకొని, తొలకరి కురిసిన పిదప మరల చూడుడు. సృష్టికర్త దానియందుంచిన ఓర్పు మీకే తెలియగలదు.