సౌండ్‌బాంబింగ్: ఒక చిన్న లేబుల్ కూర్చిన సంపుటి



న్యూయార్క్‌లోని రాకస్ రికార్డ్స్ 1997లో విడుదల చేసిన ‘సౌండ్‌బాంబింగ్’, అండర్‌గ్రౌండ్ హిప్‌హాప్ కంపైలేషన్ల తీరు తెలుసుకోవడానికి మంచి ఉదాహరణ. బ్రయన్ బ్రేటర్, జారెట్ మైయర్ అనే మిత్రులు 1995లో ఈ లేబుల్‌ను మొదలుపెట్టారు. మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్ కుమారుడు జేమ్స్ ఇందులో పెట్టుబడి పెట్టాడు. అంటే ఇలాంటి ఇండిపెండెంట్ లేబుళ్లన్నీ డబ్బు లేనివి కావు. రేడియోకు నప్పుతుందా లేదా అని చూడకుండా పాటను ఎంచుకోగలగడమే వాటి బలం.

అప్పట్లో కొత్త రాపర్ పాట ముందు పన్నెండు అంగుళాల వినైల్ సింగిల్‌గా వచ్చేది. దాని మీద అసలు పాటతోపాటు మాటలు లేని ఇన్‌స్ట్రుమెంటల్ కూడా తరచుగా ఉండేది. అది డీజేలకు పనికొచ్చేది. ఇంట్లో టర్న్‌టేబుల్ లేనివారికి మాత్రం ఆ పాటలు చేరేవి కావు. అలా విడివిడిగా తిరిగే సింగిళ్లను ఒక్కచోటికి చేర్చి మామూలు శ్రోతకు అందించడం కంపైలేషన్ మొదటి ప్రయోజనం.

రెండోది కూర్పు. తొలి సంపుటిని బ్లాక్ మూన్ బృందానికి చెందిన డీజే ఈవిల్ డీ మిక్స్ చేశాడు. మిక్స్‌లో ఒక పాట పూర్తికాకముందే తరువాతి పాట బీట్ మొదలవుతుంది. రెండింటి వేగం కలవకపోతే తాళం తప్పుతుంది. అందుకే డీజే రికార్డు తిరిగే వేగాన్ని పిచ్ కంట్రోల్‌తో సరిచేసి, దెబ్బకు దెబ్బ కలిసేలా చూస్తాడు. వేర్వేరు గొంతులు, వేర్వేరు నిర్మాతల పాటలు ఒకే కచేరీలా వినిపించేది ఈ పనితనం వల్లనే.

1999లో వచ్చిన రెండో సంపుటిని లాస్ ఏంజెలెస్ ప్రాంతపు బీట్ జంకీస్ బృందంలోని జె.రాక్, బాబు మిక్స్ చేశారు. అందులో లేబుల్ సొంత కళాకారులైన మోస్ డెఫ్, ఫరో మాంచ్‌లతోపాటు కామన్, ఎమినెమ్ వంటి బయటివారూ ఉన్నారు. పేరున్నవారి కోసం కొన్న శ్రోత పేరులేనివారినీ వింటాడు. కంపైలేషన్ మూడో ప్రయోజనం అదే.

తొలి సంపుటిలో వినిపించిన మోస్ డెఫ్, తాలిబ్ క్వేలీ 1998లో బ్లాక్ స్టార్ పేరుతో ఆల్బమ్ తెచ్చారు. కంపెనీ ఫ్లో బృందంలోని ఎల్-పి రాకస్‌ను విడిచి డెఫినిటివ్ జక్స్ లేబుల్ స్థాపనలో పాలుపంచుకున్నాడు. ఆ లేబుల్ 2001లో తన సొంత కంపైలేషన్ విడుదల చేసింది. సౌండ్‌బాంబింగ్ మూడో సంపుటి 2002లో వచ్చేసరికి రాకస్, ఎంసీఏ అనే పెద్ద కంపెనీతో చేతులు కలిపింది. తరువాత లేబుల్ మూతపడింది.

ఇలాంటి సంపుటిని మొదటిసారి ఎక్కడా ఆపకుండా వినాలి. రెండోసారి పాటల అతుకుల దగ్గర చెవి పెట్టాలి. ఆ తరువాత నచ్చిన గొంతు ఎవరిదో చూసుకొని, ఆ కళాకారుడి సొంత ఆల్బమ్‌కు వెళ్లాలి.