తెరపై బటన్ల స్థానము – రెండు లిపుల విద్యార్థులు

కంప్యూటరుపై పనిచేయు విద్యార్థి దినమునకు పలుమారులు విండోను తెరచును, మూయును. మెనూనుండి ఒక ఆజ్ఞను ఎన్నుకొనును. ఈ బటన్లు కుడివైపున ఉండవలెనా, ఎడమవైపున ఉండవలెనా అను ప్రశ్న స్వల్పముగా తోచవచ్చును. తెలుగు, ఉర్దూ విద్యార్థులు కలిసి చదువు చోట అది స్వల్పము కాదు. 2020 జనవరిలో మడికొండ ఐ.టి. పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా సంస్థల కేంద్రములు ప్రారంభమగుటతో ఈ విద్య మన వాకిటికే వచ్చినది. కనుక దీని మూలసూత్రమును తెలిసికొందము.

చేతిని ఒక గురికి చేర్చుటకు పట్టు కాలము, ఆ గురి యొక్క దూరముపైనను వెడల్పుపైనను ఆధారపడునని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ ఫిట్స్ 1954లో చూపెను. దూరమైనకొలది ఆలస్యము, పెద్దదైనకొలది సులభము. మౌస్ సూచికకును ఇదియే నియమము. అయితే తెర అంచునకు ఒక విశేషము కలదు. మౌస్‌ను ఎంత వేగముగా త్రోసినను సూచిక అంచును దాటజాలదు. కావున అచటి గురి తప్పుట అరుదు. 1984లో వచ్చిన ఆపిల్ మెకింటాష్ మెనూ పట్టీని తెర పైయంచుననే ఉంచినది. విండోస్ పద్ధతిలో ఏ విండో మెనూ ఆ విండోలోనే ఉండును. మొదటిదానిలో గురి తప్పదు. రెండవదానిలో దూరము తక్కువ.

స్థానముకంటె అలవాటు బలమైనదని మరియొక ఉదాహరణము తెలుపును. 2010 ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 10.04 విండో బటన్లను కుడినుండి ఎడమకు మార్చగా వాదోపవాదములు చెలరేగెను. ‘ఫైల్’ మెనూకు చేరువలోనికి ‘మూసివేయు’ బటన్ వచ్చుట పలువురకు నచ్చలేదు. 2017 అక్టోబరునాటి 17.10లో అవి మరల కుడివైపునకు చేరినవి.

ఇక మన విషయము. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగు లిపి. విండోస్‌ను ఉర్దూలోనికి మార్చినచో తెర అమరిక అద్దములోని ప్రతిబింబమువలె తిరుగును: మెనూలు కుడినుండి మొదలగును, మూసివేయు బటన్ ఎడమ మూలకు పోవును. చదువరి చూపు మొదలగు చోటనే మెనూ మొదలగుట న్యాయమే. కాని ఒకే యంత్రముపై ఉదయము ఒకరు, మధ్యాహ్నము మరియొకరు కూర్చున్నచో, ఒకరి సౌకర్యము మరియొకరికి చిక్కగును. ఆ చిక్కునకు జడిసి అందరికిని ఇంగ్లీషు తెరనే ఇచ్చినచో రెండు భాషలును వెనుకబడును. 2017లో ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటికి రెండవ అధికార భాషయైనది. రేపు కార్యాలయములలో పనిచేయబోవు విద్యార్థికి రెండు అమరికలతోను పరిచయము అవసరము.

ఇందుకు వ్యయము లేని మార్గములు కలవు. ప్రతి యంత్రముపై తెలుగునకు ఒకటి, ఉర్దూకు ఒకటి చొప్పున వేరువేరు ఖాతాలు ఏర్పరచవచ్చును. ప్రయోగశాలలోని యంత్రములన్నింటిని ఒకే తీరున అమర్చవలెను; నేడు నేర్చిన చేయి రేపు తడుముకొనరాదు. దిక్కుతో పనిలేని కీబోర్డు మార్గములను మొదటినాడే నేర్పవలెను: భద్రపరచుటకు కంట్రోల్‌తో ఎస్, మూయుటకు ఆల్ట్‌తో ఎఫ్ 4.

కళాశాల సంఘమువారు ఈ సూచనలను పరిశీలింతురని ఆశించుచున్నాము. సోదర విద్యార్థులారా! యంత్రము మన లిపి నడకను అనుసరింపగలదు. ఆ అమరికను కోరుటయు, తోటివాని అమరికను గౌరవించుటయు మన వంతు.