పండుగప్ప పిల్లల మేత: నాచునకు ధాతువుల పోషణ

వరిపైరున జింకు కొఱవడినయెడల ఆకులపై త్రుప్పుమచ్చలు పడుట మన రైతులెల్లరు ఎఱిగినదే. చేపపిల్లలకును అట్టి కొఱత కలదు.

పండుగప్ప పిల్ల గ్రుడ్డు వెడలిన రెండుమూడు దినములకు నోరు తెఱచును. అప్పుడది కదలాడు జీవులనే పట్టి తినును. కావున హేచరీలలో మొదట రోటిఫరులను, పిమ్మట ఆర్టీమియా పిల్లలను మేతగా నిత్తురు. సముద్రమున చేపపిల్లలు తిను కోపీపాడులతో పోల్చినచో రోటిఫరులందు జింకు, మాంగనీసు, సెలీనియము తక్కువ. వీనిని చేర్చుటకు నాచు మంచి త్రోవ. నాచు నీటినుండి ధాతువును గ్రహించును. రోటిఫరు నాచును మేయును. పిల్ల రోటిఫరును మ్రింగును.

నాచు పెంపకమునకు ఎఫ్ బై టూ అను పోషకద్రవము ప్రసిద్ధము. దాని కొలతలివి. ఒక్కొక్క లీటరు శుద్ధజలమున మైలుతుత్తము 9.8 గ్రాములు, జింకు సల్ఫేటు 22 గ్రాములు, మాంగనీసు క్లోరైడు 180 గ్రాములు, కోబాల్టు క్లోరైడు 10 గ్రాములు, సోడియము మాలిబ్డేటు 6.3 గ్రాములు వేర్వేరు సీసాలలో కరగింపవలయును. వేయి లీటర్ల తొట్టికి ఒక్కొక్క సీసానుండి ఒక్క మిల్లీలీటరు మాత్రమే చాలును. ఫెర్రిక్ క్లోరైడు 3.15 గ్రాములు, ఇ.డి.టి.ఏ. 4.36 గ్రాములు కూడ కలుపవలయును. ఇ.డి.టి.ఏ. లేనిచో ఇనుము త్రుప్పై అడుగున చేరును, నాచునకు దక్కదు. నత్రజని, భాస్వరములను ఎప్పటివలెనే వేయవలయును.

ఒక సభ్యుడు, ఎక్కువైన మేలేగదాయని, మైలుతుత్తమును కంటియంచనాతో తొట్టిలో వేసెను. రెండు దినములలో పచ్చని నీరు తెల్లవాఱెను. నాచు చచ్చెను, మేతలేక రోటిఫరులు నశించెను, పిల్లలు దక్కలేదు. ఆ నష్టమును మేము కన్నులార చూచితిమి. నాచునకు ప్రాణమైన రాగియే కొలత మీఱిన విషమగును. సెలీనియము విషయమున మేలునకు కీడునకు నడుమ దూరము మఱింత స్వల్పము. ప్రయోగశాల సాయము లేక దానిని ముట్టరాదు.

మఱి రెండు మాటలు. రోటిఫరులు నాచు మేసిన వెంటనే వానిని పిల్లలకు వేయవలయును. ఆకలితో నిలిపియుంచినచో తిన్న బలము విసర్జించును. అప్పుడే పొదిగిన ఆర్టీమియాకు నోరుండదు. తొలి పొర విడిచినపిమ్మటనే అది నాచును మేయును. అంతకుముందు నాచు వేయుట వ్యర్థము.

మంచి త్రాసు వెల ఒక తొట్టెడు పిల్లల వెలకంటె ఎక్కువ కాదు. ఒక్కరికి భారమైనచో నలుగురు సభ్యులు కూడి కొనవచ్చును. తూచి వేయుడని మా విన్నపము.