రైలు రాకముందు ఉప్పు ఎట్ల వచ్చేది?

మన మందమర్రి మీదుగా పోయే కాజీపేట-బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తయింది. అంతకుముందు లోపలి ఊళ్లకు ఉప్పు ఎట్ల వచ్చేది?

బంజారాలు, అంటే లంబాడీలు తెచ్చేవారు. సముద్రం ఒడ్డున ఉప్పు కొని, ఎడ్ల మీద వేసుకొని దక్కను లోపలికి నడిచేవారు. ఎద్దు వీపు మీద అటు ఇటు వేలాడే జంట సంచిని కంట్లం అంటారు. రెండు దిక్కుల బరువు సమానంగా ఉండాలి. లేకుంటే కంట్లం జారుతది, వీపు పుండు పడతది. బండికి బాట కావాలి. కంట్లం ఎద్దుకు కాలిబాట చాలు. గుట్ట ఎక్కుతది, వాగు దాటుతది. దారిలోనే మేస్తది. అమెరికా కొండల్లో కంచరగాడిదలు చేసిన పని ఇక్కడ ఎడ్లు చేసినయి.

ఒక్కో గుంపులో పది, పన్నెండు వేల ఎడ్లు ఉంటాయని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. పిల్లాజెల్లా అంతా వెంటే నడిచేవారు.

రైళ్లు వచ్చినాక ఆ బేరం పోయింది. ఆంగ్లేయులు 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. తిరిగేవాళ్లంతా దొంగలని అనుమానించి, కొన్ని ప్రాంతాల్లో బంజారాలను కూడా అందులో చేర్చారు. 1952లో గాని ఆ ముద్ర తీసేయలేదు. వాళ్లు మోసిన ఉప్పు తిని, వాళ్లనే దొంగలనుడు న్యాయమేనా? ఆలోచించండి.